ఛాంబర్ దగ్గర ఆయిల్ కారుతోంది, షాపులో ప్యాకింగే రాదంటున్నారు (2012 స్విఫ్ట్ పెట్రోల్)

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. బండి 2012 స్విఫ్ట్ పెట్రోల్, 1.2 కె-సిరీస్ ఇంజిన్. రాత్రి పెట్టిన చోట పొద్దున్నకి అరచెయ్యంత నల్ల మరక పడుతోంది. ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు చుట్టూ తడి, డ్రెయిన్ నట్ (ఆయిల్ దించే బిరడా) మీద ఎప్పుడూ ఒక బొట్టు వేలాడుతూ ఉంది. రెండు వారాల్లో డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత నుంచి సగానికి దిగుతోంది. ఛాంబర్ ప్యాకింగ్ (అతుకులో ఆయిల్ ఆపే పొర) ఇంట్లోనే మార్చుకుందామని స్పేర్ పార్ట్స్ షాపులో అడిగితే ఈ బండికి అసలు ఆ ప్యాకింగే రాదన్నారు. నిజమేనా? జాకీ, నాలుగు జాకీ స్టాండ్లు, 10 నంబర్ గోటీ (సాకెట్), చిన్న టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) ఉన్నాయి.

పది_నంబర్_స్పానర్:
షాపాయన చెప్పింది నిజమేనండి. అంబాసిడర్, పద్మిని రోజుల్లో ఛాంబర్‌కి కార్క్ ప్యాకింగ్ వచ్చేది. ఎండిపోయి కుంచించుకుపోతే కొత్తది వేసేవారు. మీ ఇంజిన్‌కి రేకు ఛాంబర్, బ్లాక్ (ఇంజిన్ ప్రధాన దిమ్మె) రెండిటి మధ్య ట్యూబులోంచి పిండే లిక్విడ్ గాస్కెట్టే ప్యాకింగ్. గాలిలోని తేమ తగిలి రబ్బరులా గట్టిపడుతుంది. దీన్ని ఆర్‌టీవీ సిలికాన్ అంటారు.

ఎవరైనా కార్క్ షీట్ మీద ఛాంబర్ ఆకారం గీసి, కోసి ఇస్తామంటే తీసుకోకండి. అక్కడ ప్యాకింగ్ మందం ఉంటుందని ఇంజిన్ డిజైన్‌లో లేదు. కార్క్ మీద బోల్టు పట్టు నిలవక ఆర్నెల్లలో వదులవుతుంది.

కొనాల్సినవి: ఇంజిన్ ఆయిల్‌కి తట్టుకుంటుందని ట్యూబు మీదే రాసున్న ఆర్‌టీవీ ఒకటి (లోక్‌టైట్ 5699, పెర్మాటెక్స్ అల్ట్రా బ్లాక్, త్రీబాండ్ రకాలు దొరుకుతాయి), కొత్త డ్రెయిన్ వాషర్, ఆయిల్ ఫిల్టర్, మీ మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ ఆయిల్ మూడున్నర లీటర్లు (మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది), రెండు డబ్బాలు బ్రేక్ క్లీనర్ (జిడ్డు వదిలించే స్ప్రే). బాత్రూమ్ అద్దాలకి, కిటికీలకి పూసే సిలికాన్ మాత్రం వద్దే వద్దు. వెనిగర్ వాసన వస్తే అదే అనుకోండి. వేడి ఆయిల్‌లో అది మెత్తబడి ఊడొస్తుంది, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ని కూడా పాడుచేస్తుంది.

ఓరుగల్లు_వీల్స్:
అన్నా, ఛాంబర్ విప్పే ముందు ఒక్క మాట. కారేది ఛాంబర్ నుంచే అని ఎట్ల తేల్చినవ్? ఇంజిన్‌లో అన్నిటికన్నా కింద ఉండేది ఛాంబరే, దాంట్ల కింద ఉండేది డ్రెయిన్ నట్. పైన ఎక్కడ కారినా చివరికి బొట్టు అక్కడికే వస్తది. పైగా బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తది. ముందు టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ పోతే తడి ఛాంబర్ వెనక అంచు మీద కనబడుతది.

ముందు కిందంతా శుభ్రంగా కడుగు, ఆరనియ్యి. ఛాంబర్ అంచు చుట్టూ, దాని పైన బ్లాక్ మీద టాల్కం పౌడర్ చల్లు. పది, పదిహేను కిలోమీటర్లు తిరిగి వచ్చి టార్చ్ కొట్టి చూడు. పౌడర్ మీద నల్ల గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీక్. గీత పైనుంచి దిగితే టాపెట్ కవర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ రబ్బరు రింగు చూడాలె. బెల్ట్ వైపు చక్రంలాగ చిమ్మితే ముందు క్రాంక్ సీల్ (ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ చివర ఆయిల్ ఆపే రబ్బరు రింగు). ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద నుంచి బొట్టు పడితే వెనక క్రాంక్ సీల్. దానికి గేర్‌బాక్స్ దించాలె, ఛాంబర్ విప్పి లాభం లేదు.

డ్రెయిన్ నట్‌కి కూడా విడిగా పౌడర్ కొట్టు. యాభై రూపాయల్లోపు వాషర్ కోసం ఛాంబర్ మొత్తం విప్పినోళ్లు మస్తుమంది ఉన్నరు.

టీ_స్పానర్:
ఓరుగల్లు గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. పీసీవీ వాల్వ్ చూడండి. క్రాంక్‌కేసులో (క్రాంక్ షాఫ్ట్ తిరిగే ఇంజిన్ కింది భాగంలో) చేరే పొగని ఇన్‌టేక్‌లోకి పంపేది అదే. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, బలహీనంగా ఉన్న అతుకులోంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. విప్పి ఊపితే లోపల టక్ టక్ అని చప్పుడు రావాలి, రాకపోతే మార్చండి. ఇది చూడకుండా ఛాంబర్ ఎంత బాగా అతికించినా మళ్లీ కారుతుంది, లేదంటే పక్క సీల్ పోతుంది.

కృష్ణాతీరం:
పౌడర్ కొట్టి చూశాను. టాపెట్ కవర్, బ్లాక్ పొడిగా ఉన్నాయి. గీత ఛాంబర్ అంచులోంచే మొదలవుతోంది, గేర్‌బాక్స్ వైపు మూల దగ్గర ఎక్కువ. డ్రెయిన్ నట్ చుట్టూ పొడిగానే ఉంది. పీసీవీ చప్పుడు వస్తోంది. ఛాంబర్ అడుగున స్పీడ్ బ్రేకర్ గీసుకున్న సొట్ట ఒకటి ఉంది. బోల్టులు ఒకసారి బిగిస్తే సరిపోతుందా?

పది_నంబర్_స్పానర్:
సరిపోదండి, ఇంకా పాడవుతుంది. అవి ఎం6 బోల్టులు, 10 నంబర్ తల. వాటి బిగింపు 10, 11 న్యూటన్ మీటర్లు, అంటే సుమారు ఒక కేజీ మీటరు. పొడుగు రాట్చెట్‌తో ఒక్క గుంజు గుంజితే దానికి రెట్టింపు పడుతుంది. అప్పుడు రేకు అంచు బోల్టు రంధ్రం దగ్గర పైకి ఉబ్బుతుంది, రెండు బోల్టుల మధ్య సందు విచ్చుకుంటుంది. తెగిపోయిన పాత సిలికాన్ బిగించినంత మాత్రాన మళ్లీ అతుక్కోదు. అల్యూమినియం బ్లాక్‌లో మర పోయిందంటే హెలికాయిల్ (కొత్త మర కోసం వేసే తీగ చుట్ట) వేయించాల్సి వస్తుంది, అది వేరే పని.

పైనుంచి ఎం-సీల్ పూసి వదిలేయడం కూడా చాలామంది చేస్తారు. ఆయిల్ తడి మీద అది పట్టదు, తర్వాత ఛాంబర్ విప్పేటప్పుడు దాన్ని గోకడమే సగం రోజు పని.

టీ_స్పానర్:
విప్పడం గురించి రాస్తాను. బండి చదునైన కాంక్రీటు నేల మీద ఉండాలి. ముందు ఎత్తుతారు కాబట్టి వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మెలు, హ్యాండ్ బ్రేక్, మొదటి గేరు. స్టాండ్లు మాన్యువల్ చూపించిన చోటే పెట్టండి. బండితో వచ్చిన కత్తెర జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్ముకుని బండి కిందికి తల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగిలిపోతాయి, అవీ వద్దు. స్టాండ్ల మీద పెట్టాక పక్కనుంచి బండిని గట్టిగా ఊపి చూసి, కదలదని తేలాకే లోపలికి వెళ్లండి.

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించండి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, చల్లారిపోతే సగం బురద లోపలే ఉండిపోతుంది. ఫిల్టర్ కూడా అప్పుడే తీసేయండి. లేదంటే ఛాంబర్ అతికించే సమయంలో దాంట్లోంచి కారి శుభ్రం చేసిన అంచు పాడవుతుంది. సైలెన్సర్ ముందు పైపు అడ్డొస్తే దాని నట్లకి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఆ జాయింటు దగ్గర కొత్త రింగు వేసుకోవాలి.

బోల్టులు బయటి చివరల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఎదురెదురు మూలల్లో రెండు మాత్రం నాలుగు మరలు పట్టి ఉంచండి. అప్పుడు ఛాంబర్ ఊడినా మొహం మీద పడదు. అట్టముక్క మీద ఛాంబర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడవులు తేడా ఉంటే ఇదే కాపాడుతుంది.

అనంత_ఎండ:
బోల్టులన్నీ తీసినా ఛాంబర్ రాదు. సిలికాన్ పట్టుకుని ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి లేపాలనిపిస్తుంది, అదే పెద్ద తప్పు. బ్లాక్ అంచు అల్యూమినియం. గీత పడితే ఎంత సిలికాన్ పూసినా ఆ గీతలోంచే వస్తుంది. సన్నటి పలుచని పుట్టీ కత్తి మూలలో పెట్టి సుత్తితో చిన్నగా లోపలికి కొట్టి, తర్వాత అంచు వెంట పక్కకి జరుపుతూ పొండి. పైకి ఎత్తకూడదు, కోసుకుంటూ పోవాలి. ఒక పక్క తెగాక ఛాంబర్ గోడకి చెక్కముక్క ఆనించి రబ్బరు సుత్తితో కొడితే ఊడొస్తుంది.

పది_నంబర్_స్పానర్:
ఛాంబర్ దిగాక లోపల ఆయిల్ పీల్చే స్ట్రైనర్ కనిపిస్తుంది. దాని జాలీ ఛాంబర్ అడుక్కి బాగా దగ్గరగా ఉంటుంది. మీరు చెప్పిన సొట్ట సరిగ్గా జాలీ కింద పడితే ఆయిల్ వచ్చే సందు తగ్గి, పంపుకి ఆయిల్ అందదు. సొట్టని లోపలి నుంచి చెక్కదిమ్మె పెట్టి బయటికి కొట్టొచ్చు. రేకు పగులు పట్టినా, డ్రెయిన్ నట్ మర అరిగినా కొత్త ఛాంబర్ కొనడమే నయం.

జాలీలో నల్ల రబ్బరు తునకలు ఉన్నాయేమో చూడండి. అంతకుముందు ఎవరైనా సిలికాన్ ఎక్కువ పూసి ఉంటే లోపలికి పిసికిన భాగం ఊడి అక్కడికే చేరుతుంది. ఆయిల్ లైటు వెలగడం, ఇంజిన్ పట్టేయడం అక్కడినుంచే మొదలవుతాయి. ఎక్కువ పూస్తే గట్టిగా అతుక్కుంటుందనే నమ్మకమే ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. స్ట్రైనర్ విప్పితే దాని ఓ-రింగ్ కొత్తది వేయండి. పాతది గాలి పీలిస్తే ప్రెషర్ పడిపోతుంది.

టీ_స్పానర్:
శుభ్రం చేయడం దగ్గరే మూడొంతుల పని. రేకు ఛాంబర్ అంచుని గట్టి ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనూ, ఇత్తడి బ్రష్‌తోనూ గోకొచ్చు. బ్లాక్ వైపు ప్లాస్టిక్ స్క్రేపర్ మాత్రమే వాడండి. మెత్తబరిచే గాస్కెట్ రిమూవర్ స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగితే చర్మంలా లేస్తుంది. గ్రైండర్‌కి తిరిగే బ్రష్ చక్రం బిగించి బ్లాక్ మీద పెట్టకండి. అంచు పల్లం పడుతుంది, సన్నటి పొడి పైకి ఎగిరి బేరింగుల్లోకి పోతుంది.

ఛాంబర్ అంచుని చదునైన అద్దం పలక మీద బోర్లించి, సన్నటి కాగితం ముక్క చుట్టూ దూర్చి చూడండి. బోల్టు రంధ్రాల దగ్గర ఉబ్బు ఉంటుంది. అంచు కింద చదునైన ఇనప దిమ్మె పెట్టి, పైనుంచి చిన్న సుత్తితో తట్టి సమం చేయండి. చాలా ఛాంబర్లు రెండోసారి కారేది ఈ ఉబ్బు తియ్యకపోవడం వల్లే.

బ్లాక్‌లో బోల్టు రంధ్రాల్లో ఆయిల్, సిలికాన్ తునకలు లేకుండా తీసేయండి. మూసిన రంధ్రంలో ఆయిల్ ఉంటే బోల్టు దాన్ని నొక్కి బ్లాక్‌నే పగలగొడుతుంది, టార్క్ రెంచ్ కూడా తప్పు చూపిస్తుంది.

ప్లానో_తెలుగు:
డాలస్ పక్కన ఉంటాను. ఇక్కడ 2007–09 క్యామ్రీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కీ ఇదే పద్ధతి. టొయోటా ఈ సిలికాన్‌ని సీల్ ప్యాకింగ్ అంటుంది. ఆ సర్వీస్ మాన్యువల్‌లో పూసిన 3 నిమిషాల్లోపు ఛాంబర్ పెట్టాలని, బోల్టులు 9 న్యూటన్ మీటర్లకి బిగించాలని, ఆ తర్వాత కనీసం 2 గంటల వరకు ఆయిల్ పోయకూడదని ఉంటుంది. అంటే తడిగా ఉండగానే పూర్తిగా బిగించేస్తారు.

పెర్మాటెక్స్ ట్యూబు వెనక మాత్రం వేరేగా ఉంటుంది: వేళ్లతో బిగించి, పక్కలకి కొంచెం ఉబికి వచ్చేవరకే ఉంచి, గంట ఆగి, అప్పుడు పావు చుట్టు బిగించమంటారు. రెండిటిలో ఏది పాటించాలి అని ఇక్కడి వేదికల్లో ఎప్పుడూ వాదనే.

పది_నంబర్_స్పానర్:
మంచి విషయం ఎత్తారు. రెండు పద్ధతుల లెక్క వేరు. గంట ఆగి బిగిస్తే మధ్యలో మందమైన రబ్బరు పొర మిగులుతుంది, ప్యాకింగ్ లాగా. వంకర ఉన్న పాత రేకులకి అది సాయపడుతుంది. తడిగా బిగిస్తే లోహం మీద లోహం కూర్చుంటుంది, సిలికాన్ సన్నటి గీతలన్నీ నింపుతుంది. బోల్టు పట్టు కాలక్రమంలో తగ్గదు. స్విఫ్ట్ ఛాంబర్ ఈ రెండో పద్ధతికి కట్టిందే కాబట్టి అంచు చదును చేసుకుని ఉంటే తడిగానే, మధ్యలో ఆగకుండా బిగించండి. ఏ పద్ధతైనా చర్మం కట్టిన సిలికాన్‌ని మళ్లీ కదపకూడదు. ఛాంబర్ ఆనించాక పక్కకి జారితే మొత్తం తుడిచి మొదటినుంచి పూయడమే.

అనంత_ఎండ:
చర్మం కట్టే సమయం ఊరిని బట్టి మారుతుందని గుర్తుపెట్టుకోండి. గాలిలో తేమ ఉంటేనే ఆర్‌టీవీ గట్టిపడేది. బెజవాడలో వానాకాలం ఉక్కపోతలో ఐదారు నిమిషాలకే పైన చర్మం వస్తుంది, అందుకే చేతికి అన్నీ అందేలా పెట్టుకున్నాకే ట్యూబు తెరవాలి. మా అనంతపురం వైపు ఏప్రిల్ పొడి గాలిలో పైకి బాగున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం నిదానం. ఇక్కడ ఆయిల్ పోసే ముందు ఆగాల్సిన 24 గంటలకి ఒక్క గంట కూడా తగ్గించకూడదు.

కృష్ణాతీరం:
పూయడం ఎలాగో కాస్త వివరంగా చెప్తారా? ఎంత లావు, ఎక్కడ?

టీ_స్పానర్:
ముందుగా రెండు పొడుగు ఎం6 బోల్టులు కొనండి, మర పిచ్ 1.0. తలలు కోసేసి, కోసిన చివర ఆకురాయితో నున్నగా చేయండి. ఎదురెదురు మూలల్లో బ్లాక్‌లోకి వేళ్లతో తిప్పి ఉంచండి. ఛాంబర్ వీటి వెంట నిటారుగా పైకి వెళ్తుంది, అటూ ఇటూ రాసుకుని సిలికాన్ చెరిగిపోదు. కింద పడుకుని ఒక్కరే చేసేటప్పుడు ఇది లేకుండా కష్టం.

ఛాంబర్ విప్పాక ఒక రాత్రంతా ఇంజిన్‌ని కారనివ్వండి, కింద ట్రే పెట్టి. పొద్దున్న పూయబోయే ముందు బ్లాక్ అంచుని బ్రేక్ క్లీనర్ తడిపిన తెల్ల బనియన్ గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా తిరిగొచ్చే దాకా గుడ్డ మారుస్తూ తుడవాలి. తుడిచాక వేలు కూడా పెట్టకండి, వేలి జిడ్డు చాలు. పైనుంచి ఒక్క ఆయిల్ బొట్టు జారి అంచు మీదికి వస్తే సరిగ్గా అక్కడే నెలకి లీక్ మొదలవుతుంది. పని మధ్యలో టార్చ్ పక్కనుంచి కొట్టి చూస్తే ఆ బొట్టు మెరుస్తూ కనిపిస్తుంది.

ట్యూబు ముక్కుని 3 మిల్లీమీటర్ల రంధ్రం వచ్చేలా ఏటవాలుగా కొయ్యండి. ఛాంబర్ అంచు మీద 3, 4 మిల్లీమీటర్ల లావు గీత ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా పోవాలి. బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా నడపండి, ప్రతి రంధ్రం దగ్గరా దాన్ని చుట్టి రండి. మొదలుపెట్టిన చోటే కలిసేటప్పుడు ఒక సెంటీమీటరు పక్కపక్కన పోనివ్వండి. వేలితో పరచకండి, పరిస్తే లావు పోతుంది.

బ్లాక్‌కి టైమింగ్ చైన్ కవర్ కలిసే రెండు చోట్ల, వెనక క్రాంక్ సీల్ హోల్డర్ కలిసే రెండు చోట్ల మూడు లోహపు భాగాలు ఒకేచోట కలుస్తాయి. అక్కడ బ్లాక్ వైపు కందిగింజంత అదనంగా పెట్టండి. మీకు గేర్‌బాక్స్ వైపు మూలలో ఎక్కువ కారుతోందంటే ఇలాంటి అతుకు దగ్గరే తెగి ఉంటుంది.

ఛాంబర్ని నిటారుగా ఎక్కించి, నాలుగు బోల్టులు వేళ్లతో పట్టించి, గైడ్ బోల్టులు తీసి, మిగతావి వేయండి. బోల్టు మరలు పొడిగా ఉండాలి, ఆయిల్ రాస్తే అదే టార్క్‌కి ఎక్కువ పట్టు పడుతుంది. మధ్య నుంచి చివరలకి, అటొకటి ఇటొకటి, మొదటి విడత 5, రెండో విడత 11 న్యూటన్ మీటర్లు. తర్వాత చుట్టూ ఒకసారి అదే టార్క్‌కి సరిచూడండి, అంతే. బయటికి ఉబికిన సన్నటి తాడులాంటి సిలికాన్‌ని తుడవకుండా వదిలేయండి. అది చుట్టూ ఒకే లావుగా కనిపిస్తే గీత బాగా పడినట్టు.

ఓరుగల్లు_వీల్స్:
డ్రెయిన్ నట్ కొత్త వాషర్‌తో 35 న్యూటన్ మీటర్లు. ఛాంబర్ బోల్టుల టార్క్‌కి దీనికి పొరపాటు పడకు. ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ రాసి, ఆనినంక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడు, రెండు రింగులు పడితే ఆయిల్ ఒక్కసారే బయటికి చిమ్ముతది.

24 గంటలు ఆగినంక ఆయిల్ పొయ్యి. మొదట మూడు లీటర్లే పోసి డిప్‌స్టిక్ చూడు. స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలె, ఆరకపోతే వెంటనే ఆపు, రేస్ కొట్టకు. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ డిప్‌స్టిక్ చూసి పై గీత దాకా నింపు.

కృష్ణాతీరం:
చాలా కృతజ్ఞతలు అందరికీ. ఇంకో రెండు సందేహాలు. కొన్ని రోజులయ్యాక బోల్టులు మళ్లీ బిగించాలా? పాత ఆయిల్ మూడు లీటర్లు ఏం చేయాలి?

పది_నంబర్_స్పానర్:
మళ్లీ బిగించకండి. కార్క్ ప్యాకింగ్ ఉన్న పాత బండ్లకి ఆ అలవాటు ఉండేది, ఎందుకంటే కార్క్ నలిగి వదులయ్యేది. గట్టిపడిన సిలికాన్ మీద బిగిస్తే అతుకు తెగుతుంది. మొదటి వారం మళ్లీ పౌడర్ చల్లి చూడండి. ఛాంబర్ వెలుపల, సైలెన్సర్ పైపు మీద మిగిలిన పాత ఆయిల్ రెండు మూడు రోజులు కాలి వాసన వస్తుంది, అది లీక్ కాదు. పౌడర్ మీద గీత పడితేనే లీక్.

పాత ఆయిల్‌ని కాలవలో, మట్టిలో పోయకండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఇంజిన్ ఆయిల్ కూడా వస్తుంది. నీటి క్యాన్‌లోకి గరాటుతో నింపి, మూత గట్టిగా పెట్టి, పాత ఆయిల్ డ్రమ్ములు పెట్టుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. వాళ్ల దగ్గర్నుంచి రీసైక్లింగ్ వాళ్లు తీసుకెళ్తారు. బ్రేక్ క్లీనర్, కూలెంట్ అందులో కలపకండి, కలిస్తే తీసుకోరు.

ప్లానో_తెలుగు:
అమెరికాలో ఉన్నవాళ్లకి: ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో వాడిన ఆయిల్ ఉచితంగా తీసుకుంటారు. అక్కడా షరతు అదే, వేరే ఏదీ కలిసి ఉండకూడదు.

అనంత_ఎండ:
కృష్ణాతీరం గారూ, మిగిలిన ట్యూబు పారేయకండి. ముక్కులో ఒక స్క్రూ గుచ్చి, మూత పెట్టి చల్లటి చోట ఉంచండి. ముక్కులో ఉన్నది గట్టిపడి బిరడాలా ఉంటుంది, లాగేస్తే లోపలిది మెత్తగా ఉంటుంది. గడువు తేదీ మాత్రం చూసుకోండి, తేదీ దాటినది పైకి మామూలుగానే పిండుకొస్తుంది కానీ గట్టిపడదు. కొనేటప్పుడు కూడా ట్యూబు అంచు మీద ఆ తేదీ ముందు చూడండి, షాపుల్లో పాత సరుకు చాలా ఉంటుంది.